మహా సంతోషం అన్న తల్లి

పొట్లాలు ఇంకా వెచ్చగానే ఉన్నాయి. అరటాకుల్లో చుట్టి, రెండేసి కలిపి దారంతో కట్టిన తమాల్ పొట్లాలు. క్రిస్మస్‌కి తప్ప ఎవరూ తలపెట్టని వంట అది. సెప్టెంబరులో వండి పంపిందంటే ఆవిడ ఎంతసేపు పొయ్యి దగ్గర నిలబడిందో ఒడీలీకి తెలుసు. తెలియటం వల్లే ఒళ్ళు మండుతోంది.

"చెత్తలో పడేయ్," అన్నాడు కొడుకు ఓల్మన్.

ఆమె పడేయలేదు. మొక్కజొన్న పిండితో, మాంసంతో చేసిన తిండిని పారేయటం ఆ ఇంట్లో ఎన్నడూ జరగలేదు. అలాగని ముట్టుకోనూ లేదు. పళ్ళెం బల్ల నడుమ కూర్చుంది, పిలవని చుట్టంలా.

పళ్ళెం ఇచ్చి వెళ్ళింది మార్లేని. హైనెర్ తల్లి. గేటు దగ్గర ఒడీలీ మొగుడు ఎవెలియో ఉంటే అతని చేతిలో పెట్టి, దోన్యా ఒడీలీ, అంటే ఒడీలీ అమ్మగారి పెద్ద మనసుకి ఇంతకన్నా ఏమిచ్చుకోగలం అని చెప్పి వెళ్ళిపోయిందట. ఎవెలియో వద్దనలేదు. అతను ఎవరినీ, ఏదీ వద్దనే మనిషి కాడు.

"పెద్ద మనసట," అన్నాడు ఓల్మన్. "బండితో గుద్ది చెల్లెలి కాలు నుజ్జు చేసినవాడి తల్లి వండి పంపుతుంది. మనం తిని, చెయ్యి కడుక్కుని, వాణ్ణి దీవించి రావాలి. మొదలుపెట్టింది నువ్వేగా అమ్మా. పూర్తి చెయ్యి."

"నేనేం మొదలుపెట్టాను?"

"నీకు తెలీదా? బస్టాపులో కుక్కల్ని అడిగినా చెప్తాయి."

మంగళవారం కోర్టువాళ్ళు పిలిపించిన ఆ పసుపు గోడల గదిలో జరిగింది ఒడీలీ ఎవరికీ చెప్పలేదు. అయినా చీకటిపడేలోగా ఊరంతా పాకింది.

ఆ గదంటే ఆమెకి అడుగుపెట్టకముందే రోత. నేరం చేసినవాణ్ణీ, దెబ్బ తిన్నవాళ్ళనీ ఎదురెదురుగా కూర్చోబెట్టి రాజీ మాటలు మాట్లాడించే ఏర్పాటు. కన్నీళ్ళు తుడుచుకోవటానికి మధ్యలో కాగితాల పెట్టె, ఏడుపు రాకపోతే తప్పన్నట్టు. ఒక కొయ్య బంతి చేతులు మారుతుంటుంది. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలి. శిక్షించటం చేతకాని పెద్దవాళ్ళు కనిపెట్టిన బాలవాడి ఆట అనుకుంది ఒడీలీ. కూతురు యెండ్రీకి ఇంకా పద్దెనిమిది నిండలేదు, తల్లి లేనిదే కుదరదన్నారు. అందుకని వెళ్ళింది. నోరు విప్పకూడదని ఒట్టు పెట్టుకుని మరీ వెళ్ళింది. బంతి తన దగ్గరికి వచ్చినప్పుడల్లా, ఎవరో వాడిన రుమాలు పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకుని పక్కకి ఇచ్చేసింది.

అంతా అయిపోయింది. అందరూ లేచారు. హైనెర్ తల ఎత్తకుండానే, "వచ్చినందుకు థాంక్సండీ, దోన్యా ఒడీలీ," అన్నాడు.

"మహా సంతోషం," అంది ఆమె.

ఎవరు థాంక్స్ చెప్పినా ఈ దేశంలో బదులుగా వచ్చే మాట అదొక్కటే. బస్సు డ్రైవరూ అంటాడు, బ్యాంకులో గుమాస్తా అంటాడు, బల్ల మీద ఉప్పు అందించిన పిల్ల అంటుంది. సరిహద్దు నది అవతల నికరాగువావాళ్ళు 'ఏముందిలెండి' అని ఊరుకుంటారు. అవతలి ఒడ్డున పుట్టి ఉన్నా బాగుండేది. ఒడీలీ నోరు యాభై ఏళ్ళుగా అలవాటైన పని చేసింది, అంతే. మధ్యవర్తిగా కూర్చున్న ఇలియానా అనే అమ్మాయి అది విని చిరునవ్వు నవ్వింది. హైనెర్‌ని ఎప్పటికైనా క్షమిస్తుందేమో గానీ, ఆ చిరునవ్వుని మాత్రం ఒడీలీ క్షమించదు.

"నోరు జారింది," అంది ఇప్పుడు, ఎవరితోనూ కాకుండా.

"ఆ మాట ఊళ్ళో చెప్పు," అన్నాడు ఓల్మన్.

అప్పుడు యెండ్రీ చేతికర్ర కుర్చీకి ఆనించి, పళ్ళెం దగ్గరికి లాక్కుంది. ఒక కట్టు విప్పింది. ఆకు తెరిచింది. ఆవిరి లేచింది. ఫోర్కుతో ఒక ముక్క తీసి నోట్లో పెట్టుకుంది.

కుళాయి దగ్గర వంగి ఏదో విప్పుతున్న ఎవెలియో ఆగాడు.

"ఉప్పు సరిపోయింది," అంది యెండ్రీ.

"సిగ్గు లేదా నీకు?"

"ఆకలేసింది." ఆ పిల్ల అన్న కళ్ళలోకి చూస్తూ నమిలింది. అతను చూపు తిప్పుకునేదాకా చూస్తూనే ఉంది.

ఓల్మన్ తల్లివైపు తిరిగాడు. రేపే కదా ఆఖరి రోజు, రేపు జడ్జి ముందు నీ నోటితో సరే అంటే వాడు దర్జాగా ఇంటికి పోతాడు, వద్దంటే జైలుకి పోతాడు, ఈసారైనా నోరు దగ్గర పెట్టుకో అన్నాడు. ఒప్పందంలో ఏముందో అతనికి తెలుసు. హైనెర్ కొన్నేళ్ళు బండి ముట్టకూడదు. కాళ్ళు విరిగినవాళ్ళకి నడక నేర్పే ఆస్పత్రిలో చాకిరీ చెయ్యాలి. మూడోది యెండ్రీ పెట్టిన షరతు: ఆ సాయంత్రం జరిగినదంతా, మొదటినుంచీ చివరిదాకా, అందరిముందూ నోటితో చెప్పాలి.

"కథలు చెప్పించుకుంటే కాలు అతుక్కుంటుందా?" అన్నాడు ఓల్మన్.

"వద్దనే చెప్తాను," అంది ఒడీలీ. "ఇక ఆపు."

ఎవెలియో మళ్ళీ కుళాయి మీదికి వంగాడు. ఆ కుళాయి కారటం మానేసి రెండేళ్ళయింది.

*

రొట్టెల దుకాణంలో కాఫీవేళ రద్దీ. బయట వాన పట్టుకుంది. కొనటం అయిపోయినవాళ్ళు కూడా పోకుండా నిలబడ్డారు. ఒడీలీ లోపలికి రాగానే మాటలు ఆగాయి. ఆగిన మాటలు ఎవరి గురించో ఊహించటం కష్టం కాదు.

దుకాణం ఫ్లోరిబెత్‌ది. రొట్టెలు సంచిలో వేసి, వాన కదా అని రెండో సంచి కూడా తొడిగి, ఒడీలీ చేతికిచ్చింది.

"థాంక్స్," అంది ఒడీలీ.

ఫ్లోరిబెత్ ఒక్క క్షణం ఆగింది. ఎంతసేపు ఆగితే అందరికీ వినిపిస్తుందో అంతసేపు ఆగింది.

"మహా... సంతోషం, దోన్యా ఒడీలీ."

వెనక ఎవరో దగ్గు నటించారు. ఒకావిడ కిటికీలోంచి వానని శ్రద్ధగా చూసింది.

ఒడీలీ వెళ్ళిపోవచ్చు. వాన చూసి ఆగింది, ఆగినందుకు వినాల్సి వచ్చింది. ఎవరూ ఆమెని తిట్టలేదు. ఆమె మేలుకోరే మాట్లాడారు. ఈ కొత్త ఏర్పాటు కోర్టువాళ్ళ బద్ధకానికి పెట్టిన ముద్దు పేరు అంది ఒకావిడ. రేపు నా ఇంట్లో దొంగ పడితే వాడికి కాఫీ పెట్టి, బాబూ నీ చిన్నతనంలో నిన్నెవరు ఏడిపించారు అని అడగాలి కాబోలు అంది ఇంకొకావిడ. దానికి అందరూ నవ్వారు. ముసలి గిటారు మాస్టారు గొంతు సవరించుకుని, క్షమాపణ చెప్పించుకునే హక్కు దేవుడిదీ పాదిరీదీ, మధ్యలో జీతం తీసుకునే అమ్మాయి ఎవరు అన్నాడు. ఆయన చర్చికి వెళ్ళగా ఎవరూ చూడలేదు.

ఇవన్నీ ఒడీలీ కూడా అనుకున్న మాటలే. మాటకి మాట తనవే. తన ఏవగింపునే ఇంతమంది నోళ్ళలో వింటుంటే, తన బట్టలు ఇంకొకరి ఒంటి మీద చూసినట్టు అనిపించింది. అవి తన ఒంటి మీద ఇంత వికారంగా ఉండేవా అన్న సందేహం వచ్చింది. వెంటనే తోసేసింది.

"మీ అబ్బాయిని చూసి నేర్చుకోవాలి," అంది ఫ్లోరిబెత్, ఇప్పుడు మెత్తగా. "చెల్లెలికి అలా అయ్యాక మళ్ళీ మోటారుసైకిల్ ఎక్కాడా? కంటికి కనపడితే ఏడుపొస్తుందని అమ్మేశాడు. రక్తసంబంధం అంటే అదీ. ఆ అబ్బాయి ముందు ఇప్పుడు మీరు..."

వాక్యం పూర్తిచెయ్యకుండా బల్ల తుడిచింది.

"రేపు వద్దనే చెప్తున్నాను," అంది ఒడీలీ.

దుకాణం మొత్తం ఆమెకేసి తిరిగింది. ఫ్లోరిబెత్ గాజు పెట్టెలోంచి ఒక తీపి రొట్టె తీసి, డబ్బులొద్దని సంచిలో వేసింది. ఒడీలీ పరువు తిరిగొచ్చింది. ఒక తీపి రొట్టె పాటి పరువు.

*

ఇంటికొచ్చి రొట్టెలు పెట్టి, పళ్ళెం ఎత్తుకుని మళ్ళీ బయల్దేరింది. పొరుగువాళ్ళ పళ్ళెం ఖాళీగా తిప్పి పంపటం మర్యాద కాదు. వాళ్ళ వంటనే వాళ్ళకి తిప్పి పంపితే అదేమిటో అందరికీ తెలుసు. అదే చెయ్యాలనుకుంది. యెండ్రీ తిన్నది పోగా జత తప్పిన పొట్లం ఒకటి పైన దొర్లుతోంది.

మార్లేని ఇల్లు కాఫీ తోటల దిగువన. గది నిండా నీలం, తెలుపు, ఎరుపు పట్టీలు వేలాడుతున్నాయి. జెండా పండుగ ఊరేగింపు దగ్గరపడింది, బడి బ్యాండు పిల్లల భుజపట్టీలన్నీ ఆవిడే కుడుతుంది. నిరుడు యెండ్రీ మొదటి వరుసలో డ్రమ్ము కొట్టుకుంటూ నడిచింది. ఆ పట్టీ కూడా ఇక్కడే కుట్టించారు. ఒడీలీ ఆ రంగుల వైపు చూడకుండా నిలబడింది.

మార్లేని కుట్టు మిషను మీంచి లేచింది. పళ్ళెం చూసింది. అర్థమయింది. మొహంలో రంగు మారింది గానీ మాట మారలేదు.

"కూర్చోండి, దోన్యా ఒడీలీ."

"కూర్చోటానికి రాలేదు. మంగళవారం నేనన్నది వట్టి నోటి అలవాటు. మీరు దాన్ని పట్టుకుని వంటలు చేసుకుంటున్నారు. మా ఇంట్లో ఎవరూ ఎవరినీ క్షమించలేదు."

"తెలుసండీ."

"తెలిసి ఎందుకు పంపారు?"

"ఊరికే కూర్చోలేక." మార్లేని చేతులు గౌనుకి తుడుచుకుంది. "వండితే చెయ్యి ఆడుతుంది. చెయ్యి ఆడితే కాసేపు బుర్ర ఆగుతుంది. అంతకన్నా ఏమీ లేదు."

ఈ జవాబుకి ఒడీలీ సిద్ధపడి రాలేదు. ఏడిస్తే ఏమనాలో తెలుసు. బతిమాలితే ఏమనాలో ఇంకా బాగా తెలుసు.

మార్లేనియే మాట్లాడింది. తన అన్నదమ్ములు హైనెర్‌తో మాటలు మానేశారట. జైలుకెళ్తే మగాడిలా వెళ్ళు, ఆడవాళ్ళ మధ్య కూర్చుని బంతి పట్టుకుని ఏడవటం ఏమిటి అన్నారట. లాయరు కూడా, నోరు మూసుకో, మూసుకున్నవాడు ఎప్పుడూ నష్టపోలేదు అన్నాడట.

"ఈ ఒక్క విషయంలో మీవాళ్ళూ మావాళ్ళూ ఒకే మాట మీదున్నారు," అంది. నవ్వబోయి మానుకుంది. "మావాడే వినటం లేదు. మీ అమ్మాయి అడిగిందిగా, అంతా చెప్తానంటున్నాడు. నీ వరకూ నువ్వు చెప్పుకోరా, రెండోవాడి సంగతి నీకెందుకు అన్నాను నేను."

"ఏ రెండోవాడు?"

మార్లేని ఆమె మొహంలోకి చూసింది. ఆ చూపులో మొదట నమ్మకం లేదు. తర్వాత భయం వచ్చింది.

"పందెం ఒక్కడే ఎలా వేస్తాడండీ?"

మిషను మీద పట్టీ సగం కుట్టి ఉంది. ఒడీలీ దానికేసి చూస్తూ నిలబడింది. పందెం, పందెం అని ఊరంతా అంటూనే ఉంది. రౌడీ వెధవ, రోడ్డు మీద పందెం వేసి పిల్లని గుద్దాడు అని. ఎవరితో పందెం అని రొట్టెల దుకాణంలో ఒక్కరూ అడగలేదు. పోలీసులు అడిగితే యెండ్రీ ఒక బండే చూశానంది. తాను మాత్రం ఎప్పుడడిగింది?

"ఎవడు?"

"నేను చెప్పను."

"మార్లేనీ, ఎవడు?"

"ఆగినవాడు మావాడు," అంది మార్లేని. "ఆంబులెన్సు వచ్చేదాకా మీ పిల్ల తల ఒళ్ళో పెట్టుకుని వానలో కూర్చున్నాడు. రెండోవాడు వెళ్ళిపోయాడు. మలుపులో ఎవరికి తగిలిందో తెలియక వెళ్ళిపోయాడనే అనుకుందాం. తర్వాత తెలిసుంటుంది." మిషను మీది పట్టీ సరిచేసింది. "రేపు మీరు వద్దంటే ఇదేదీ బయటికి రాదు. మావాడు నోరు మూసుకునే జైలుకి పోతాడు. కుర్రాళ్ళ మధ్య అలాంటి మాటేదో ఉంది. మీరు సరే అంటేనే వాడు చెప్పాలి. అందరూ మీరు వద్దంటారనే అంటున్నారు. అనండి. నేనేమీ అనుకోను."

అనుకోను అన్న మాటలో జాలి ఉంది. మార్లేని తనని చూసి జాలిపడుతోందని ఒడీలీకి అర్థం కావటానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక ఆ గదిలో నిలబడలేకపోయింది.

ఎగువ దారిలో వాన మొహాన కొడుతోంది. ఆ సాయంత్రం ఆస్పత్రి వసారాలో ఓల్మన్ తడిసి ముద్దయి నిలబడటం గుర్తొచ్చింది. తానింకా ఎవరికీ ఫోను చెయ్యలేదు. కొడుకుకి ఎలా చెప్పాలా అని ఫోను చేతిలో పట్టుకుని ఉంది. తల ఎత్తితే ఎదురుగా వాడే. రక్తసంబంధం, మనసుకి ఎలా తెలిసిపోయిందో అనుకుంది. పక్కమంచం ఆవిడకి గొప్పగా చెప్పుకుంది కూడా. వారం తిరక్కుండా బండి అమ్మేస్తే ఇంకా గొప్పగా చెప్పుకుంది.

గేటు తెరుస్తుంటే చూసుకుంది. పళ్ళెం ఇంకా తన చేతిలోనే ఉంది.

*

దీపాలు పెట్టే వేళ. ముగ్గురూ బల్ల దగ్గరే ఉన్నారు. ఎవెలియో కాఫీ కలిపి కప్పుల్లో పోశాడు, ఎవరూ తాగటం లేదు.

"మళ్ళీ తెచ్చావేంటి?" అన్నాడు ఓల్మన్. "ఆవిడ తీసుకోలేదా? లేకపోతే మళ్ళీ నోరు జారావా?"

ఒడీలీ పళ్ళెం కింద పెట్టింది. కొడుకు మొహం చూసింది. మూడు నెలలుగా ఆ మొహంలో కోపం చూసి, చెల్లెలంటే ఎంత ప్రాణమో అనుకుంది. కోపం ఇప్పుడూ అలాగే ఉంది. ఆవగింజంత కూడా మారలేదు. మారింది ఆమె చూపు.

"ఆ సాయంత్రం ఆస్పత్రికి నీకెవరు చెప్పారు?" అని అడిగింది.

ఓల్మన్ కప్పు ఎత్తాడు. తాగలేదు. ఎవరో చెప్పారు, గుర్తులేదు, ఇప్పుడదెందుకు అన్నాడు. ఒకే ఊపిరిలో మూడు జవాబులు.

"రేపు అమ్మతోపాటు ఓల్మన్ కూడా రావాలి," అంది యెండ్రీ. గొంతులో కోపం లేదు. బజారు పని చెప్పినట్టు చెప్పింది. "హైనెర్ చెప్పేటప్పుడు వాడు అక్కడుండాలి. వాడి కోసమే చెప్పమన్నాను. నాకు తెలీక కాదు. ఆ బండి శబ్దం రోజూ మన గేటు ముందు ఆగేది."

వాన ఇంటికప్పు రేకుల మీద మోగుతోంది. ఓల్మన్ చెల్లెలికేసి చూడలేదు. చేతికర్ర వైపు చూశాడు, అక్కడినుంచి కూడా చూపు తీసేశాడు.

"వాడు రాడు."

అన్నది ఎవెలియో. ఎవరినీ, ఏదీ వద్దనని మనిషి. గొంతు పెద్దది చెయ్యలేదు. చెయ్యాల్సిన అవసరం లేనట్టుగా అన్నాడు.

ఒడీలీ మొగుడి వైపు తిరిగింది. బండి కొన్నది ఎవరో ఆమెకి ఇప్పటికీ తెలియదు. బేరం కుదిర్చిందీ, తెల్లవారుజామునే దాన్ని కాఫీ సహకార సంఘం లారీలో ఎక్కించుకుపోయిందీ అతనే. పై ఊరివాళ్ళు మంచి ధర ఇచ్చారన్నాడు. ఆమె మరో మాట అడగలేదు.

"మీకు తెలుసు," అంది.

అతను కప్పు సాసరులో సరిగ్గా కూర్చోబెట్టాడు.

అంటే నలుగురున్న ఇంట్లో తెలియనిది తనకొక్కదానికే. ముగ్గురూ తలో కారణంతో తననుంచి దాచారు. కూతురు, అన్న తనంతట తానే చెప్తాడని ఆగింది. కొడుకు భయంతో. మొగుడు ఇల్లు ఇల్లులా ఉండాలని. వీళ్ళందరి మధ్యా తిరుగుతూ తాను ఆ పసుపు గోడల గదిని చూసి నవ్వుకుంది. అక్కడ కనీసం బంతి పట్టుకున్నవాడు మాట్లాడేవాడు.

"అమ్మా," అన్నాడు ఓల్మన్. పొద్దున్నుంచీ ఆ నోట్లో ఉన్న వెటకారం పోయింది. చిన్నప్పుడు జ్వరమొస్తే పిలిచినట్టు పిలిచాడు. "ఊరంతా నీవైపే ఉందమ్మా. వద్దని ఒక్క మాట అను. నువ్వు అంటానన్నదే. ఎవరూ నిన్ను తప్పు పట్టరు."

నిజమే. ఎవరూ తప్పు పట్టరు. రేపు వద్దని బయటికొస్తే దుకాణంలో అందరూ దారిస్తారు. తల్లంటే ఇలా ఉండాలంటారు. ఆగినవాడు జైలుకి పోతాడు. పారిపోయినవాడు చెల్లెలికి కాఫీలో పంచదార కలిపిస్తూ ఈ బల్ల దగ్గరే ఉంటాడు.

"కూర్చో," అంది ఒడీలీ. ఓల్మన్ అప్పటికే తనకి తెలియకుండానే లేచి నిలబడి ఉన్నాడు.

"బయట పనుంది."

"ఆ సాయంత్రం జరిగింది చెప్పు. మొదటినుంచీ. ఇక్కడ, మాకు."

"అమ్మా, నేను..."

"కూర్చుని చెప్పు."

ఓల్మన్ తండ్రి వైపు చూశాడు. యెండ్రీ కూడా చూసింది. ఎవెలియో నెమ్మదిగా లేచి, బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి, వీధి తలుపు గడియ పెట్టాడు. దానికే వీపు ఆనించి నిలబడ్డాడు.

కొడుకు బయటికి పోకుండా పెట్టాడో, మాట బయటికి పోకుండా పెట్టాడో, అతని మొహం చూసి ఒడీలీ పోల్చుకోలేకపోయింది.